పికప్ బండికి ముందు సాలిడ్ ఇరుసు: గ్యాస్ కటింగుకు ముందు వేసుకోవలసిన లెక్కలు

విజయవాడ ఆటోనగర్‌లో చాసిస్‌ను కోసి మళ్లీ అతికించడం పెద్ద విశేషమేమీ కాదు. లారీ చాసిస్ పొడిగించేవారు, కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కట్టేవారు, తుక్కులోంచి హౌసింగులు (ఇరుసు గొట్టాలు) ఏరి అమ్మేవారు, లేత్ మీద హబ్బులు తిప్పేవారు అందరూ నాలుగు వీధుల దూరంలోనే దొరుకుతారు. సాలిడ్ యాక్సిల్ మార్పిడి, అంటే బండికి ముందు ఒకే గొట్టపు ఇరుసు అమర్చడం, తలపెట్టినవారికి మొదటి చిక్కు ఈ సౌకర్యం వల్లనే వస్తుంది. మధ్యలో ఏ ఇబ్బంది ఎదురైనా సర్దిపెట్టే చేయి పక్క షెడ్డులోనే ఉంటుందన్న ధీమాతో చాలామంది కొలతలు తీయకుండానే పాత భాగాలను కోయిస్తారు. ఆ తరువాత ఒక సర్దుబాటు మరో సర్దుబాటును కోరుతూ పోతుంది, చివరకు బండి నడుస్తుంది గానీ తిన్నగా నడవదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కటింగుకు ముందు చేయవలసిన పని గురించే ఉంటుంది.

మన దగ్గర తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పులైన ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్, మహీంద్రా స్కార్పియో గెటవే వంటివాటికి ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది. అంటే డిఫరెన్షియల్‌ను (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టెను) చాసిస్‌కే బిగించి, రెండు చక్రాలను వేర్వేరు ఆర్మ్‌ల మీద వేలాడదీస్తారు. మార్పిడిలో ఆ అమరికనంతా తొలగించి, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గొట్టంగా ఉండే హౌసింగును అమరుస్తారు. అమెరికాలో టయోటా పికప్పులకు 1985 మోడల్ దాకా ముందు సాలిడ్ ఇరుసు ఉండేది, 1986 నుంచి అది పోయింది. పాత అమరికే కావాలనుకున్నవారి వల్ల అక్కడ ఈ పని విస్తారంగా సాగింది.

ముందుగా, ఈ పని మీకు అవసరమేనా అని తేల్చుకోండి

సాలిడ్ ఇరుసు వల్ల వచ్చే లాభం ప్రధానంగా రాళ్ల మీద కనిపిస్తుంది. ఒక చక్రం బండ మీదికి ఎక్కినప్పుడు ఇరుసు మొత్తం వాలి, రెండో చక్రాన్ని నేలకు నొక్కుతుంది. పైగా బండి ఎంత కుంగినా డిఫరెన్షియల్ కింది ఖాళీ తగ్గదు, ఎందుకంటే ఆ ఎత్తును నిర్ణయించేది టైరు మాత్రమే. గుంటూరు వైపు నల్లరేగడి చేలలో, వాన పడిన మర్నాడు బండి దిగబడడమే మీ సమస్య అయితే మాత్రం దానికి ఇది మందు కాదు. అక్కడ బంక మట్టి టైరు గాళ్లను పూడ్చేస్తుంది, కిందికి వేలాడే హౌసింగు నాగలిలా మట్టిని దున్నుకుంటూ పోతుంది. అలాంటి నేలకు మంచి మడ్ టైర్లు, వెనుక ఇరుసుకు డిఫరెన్షియల్ లాకు (రెండు చక్రాలనూ కలిపి తిప్పేది), ఒక వించ్ (తాడుతో బండిని లాగే యంత్రం) చాలు. ఈ మూడింటికీ చాసిస్‌ను ముట్టుకోనక్కర లేదు. నన్నడిగితే, లాకు వేయించుకుని ఒక వర్షాకాలం గడిపిన తరువాతే ఇరుసు సంగతి ఆలోచించాలి.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగానే అన్వయించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అభ్యంతరం చెప్పడానికి అవకాశం ఇచ్చినట్టూ అవుతుంది. కాబట్టి ఇది రోడ్డు మీద తిరిగే బండికి చేయవలసిన పని కాదు. సొంత తోటలోనో, యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు స్థలంలోనో, ఆఫ్‌రోడ్ పోటీలలోనో వాడి, అక్కడికి వేరే వాహనం మీద ఎక్కించి తీసుకుపోయే బండికి మాత్రమే దీన్ని తలపెట్టండి. బండిని మోయడానికి అయ్యే ఖర్చును కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. చాసిస్ నంబరు కొట్టి ఉన్న చోటును కొలతలు తీసే రోజునే గుర్తించి, గ్రైండరు గానీ వెల్డింగు నిప్పు గానీ అటు పోకుండా టేపు చుట్టించండి.

కాటా వేయించి, కొలతలు రాసుకోండి

ఇరుసును ఎంచుకోవడానికి ముందు బండి ముందు భాగం బరువు తెలియాలి. ఏదైనా వేబ్రిడ్జికి తీసుకువెళ్లి మొదట బండి మొత్తాన్ని, తరువాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి ఒకసారి తూయించండి. వించ్, ఇనుప బంపరు బిగించే ఆలోచన ఉంటే వాటి బరువును కూడా ఆ అంకెకు కలపండి. కమాను కట్టకు ఎన్ని పట్టీలు వేయాలో, ఇరుసు ఎంత మోయాలో తేల్చేది ఈ అంకెలే.

ఆ తరువాత బండిని చదునైన సిమెంటు గచ్చు మీద నిలిపి, రసమట్టం, తూకం గుండు, సుద్దముక్క, టేపు దగ్గర పెట్టుకోండి. చక్రాల మధ్య దూరం, ముందు వెనుక చక్రాల కేంద్రాల మధ్య దూరం, చాసిస్ నేల నుంచి నాలుగు మూలలా ఉన్న ఎత్తు, ఇంజిన్ సంపు (ఆయిల్ తొట్టి) అడుగు ఎత్తు, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె) నుంచి ముందుకు వచ్చే అంచు ఎత్తు, దాని వాలు, ఇవన్నీ రాసుకోవాలి. తూకం గుండును ముందు చక్రం కేంద్రం నుంచి వేలాడదీసి గచ్చు మీద గుర్తు పెట్టండి, చాసిస్ మీద కదలని రెండు రంధ్రాల నుంచి కూడా అలాగే చేయండి. పాత భాగాలు విప్పిన తరువాత అసలు చక్రం ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఈ గుర్తులు తప్ప మరో సాక్ష్యం మిగలదు.

ఇరుసు ఎంపిక

తుక్కు షాపులో కంటికి బలంగా కనిపించిన హౌసింగును కొనేయకండి. మొదట చూడవలసింది డిఫరెన్షియల్ ఏ వైపు ఉందన్నది. మీ బండి ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఎడమ వైపు ఉంటే హౌసింగు ఉబ్బు (డిఫరెన్షియల్ ఉండే లావు భాగం) కూడా ఎడమ వైపే ఉండాలి, కుడి వైపు ఉంటే కుడి వైపే ఉండాలి. ఇది బండి కింద పడుకుని కళ్లతో చూసుకోవలసిన విషయం, ఎవరి మాటా నమ్మవలసింది కాదు. నాకు తెలిసిన ఒకాయన మంచి ధరకు దొరికిందని ఒక హౌసింగు కొని, ఇంటికి తెచ్చాక అది ఎదురు వైపుదని గుర్తించారు. ఏడాది పాటు ఆ ఇనుము పశువుల పాక పక్కన కొయ్యలా పడి ఉంది. హౌసింగును తలకిందులుగా తిప్పి బిగిస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అలా తిప్పితే చక్రాలు వెనక్కి తిరుగుతాయి.

రెండవది మోసే శక్తి. మారుతి జిప్సీ ఇరుసు తేలికగా దొరుకుతుంది, చూడడానికి ముచ్చటగానూ ఉంటుంది, కానీ అది టన్ను బరువుకు అటూ ఇటూగా ఉండే బండికి చేసినది. రెండు టన్నులకు దగ్గరగా ఉండే డీజిల్ పికప్పు కింద దాన్ని పెడితే ముందుగా నకిల్ (చక్రాన్ని పట్టి పక్కలకు తిప్పే ముక్క) దగ్గరి జాయింట్లు, తరువాత క్రౌను (డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్ల చక్రం) పళ్లు లొంగిపోతాయి. పాత మహీంద్రా జీపుల ముందు ఇరుసు కొంత మెరుగే అయినా, పెద్ద టైర్లు, లాకు, బరువైన ఇంజిను మూడూ కలిసినప్పుడు దానికీ హద్దు ఉంది. సైన్యం వేలం బళ్లలోంచి వచ్చే జోంగా ఇరుసు గట్టిదే, కానీ ఆ బళ్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది కాబట్టి బేరింగులు, సీళ్లు, క్రౌను, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రమైన పినియను మళ్లీ దొరుకుతాయో లేదో షాపుల్లో విచారించిన తరువాతే డబ్బు కట్టండి.

మూడవది నిష్పత్తి. ముందు, వెనుక ఇరుసుల పళ్ల నిష్పత్తి ఒకటే కావాలి. మూత విప్పించి క్రౌను పళ్లను లెక్కపెట్టి పినియను పళ్లతో భాగించండి: 41 పళ్లకు 10 పళ్లయితే 4.1 వస్తుంది. రెండు ఇరుసుల మధ్య తేడా ఉంటే గట్టి నేల మీద ఫోర్ వీల్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోయి, చివరకు ఏదో ఒకటి విరుగుతుంది. టైరు పెంచితే నిష్పత్తి కూడా మారాలన్న సంగతి ఇక్కడే కలిపి చూడాలి. 245/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 750 మి.మీ., 33 అంగుళాల టైరుది 838 మి.మీ. వ్యాసం దాదాపు 12 శాతం పెరిగింది కాబట్టి, 4.1 నిష్పత్తితో ఉన్న బండికి పాత లాగుడు తిరిగి రావాలంటే 4.6కు దగ్గరగా వెళ్లాలి. ఎలాగూ రెండు ఇరుసులూ విప్పే సమయంలోనే ఈ మార్పు చేయించుకుంటే కూలి ఒకసారితో పోతుంది. అదే టైరు వల్ల డిఫరెన్షియల్ కింద పెరిగే ఖాళీ మాత్రం వ్యాసంలోని తేడాలో సగమే, అంటే 44 మి.మీ.

వెడల్పును హబ్బు మీద చక్రం ఆనే ముఖం నుంచి అవతలి హబ్బు ముఖం దాకా కొలవాలి. అది వెనుక ఇరుసుకు సరిపోవాలి, లేదా రెండు వైపులా కలిపి కొద్ది సెంటీమీటర్ల తేడాలో ఉండాలి. చక్రం బోల్టుల అమరిక కూడా చూడండి. వీ-క్రాస్‌కు 139.7 మి.మీ. వలయం మీద ఆరు బోల్టులు, జిప్సీకి అదే వలయం మీద ఐదు. ముందొక రకం, వెనుకొక రకం ఉంటే ఒక్క స్టెప్నీ రెండింటికీ పనికిరాదు, కాబట్టి హబ్బుల మార్పును కూడా ఇరుసు ధరలోనే కలుపుకోవాలి.

బండి ఎత్తును కింది నుంచి పైకి లెక్కకట్టండి

ఎంత ఎత్తితే బాగుంటుందని కాకుండా ఎంత ఎత్తక తప్పదని అడగాలి. 33 అంగుళాల టైరు బండి బరువుకు కొంత అణుగుతుంది, కాబట్టి ఇరుసు కేంద్రం నేల నుంచి సుమారు 400 మి.మీ. ఎత్తులో ఉంటుందనుకోండి. గొట్టం పైభాగం మరో 38 మి.మీ. పైన, ఇరుసు పైకి లేవడానికి 100 మి.మీ., పూర్తిగా లేచినా తగలకుండా 25 మి.మీ. ఖాళీ. అంటే గొట్టానికి నేరుగా పైన ఉన్న సంపు గానీ, క్రాస్ మెంబరు గానీ 563 మి.మీ. కంటే కిందికి ఉండకూడదు. హౌసింగు ఉబ్బు ఉన్న చోట ఈ లెక్కను ఉబ్బు ఎత్తుతో విడిగా వేయాలి, అసలు తగిలేది అక్కడే. ఇరుసును 25 నుంచి 50 మి.మీ. ముందుకు జరిపితే సంపు తప్పుకోవడం, బండిని అంతగా ఎత్తనవసరం లేకపోవడం తరచుగా జరుగుతుంది. అయితే అప్పుడు పూర్తిగా తిప్పిన టైరు బంపరు మూలకు తగులుతుందేమో చూసుకోవాలి.

స్ప్రింగుల విషయంలో నా ఓటు కమాను కట్టలకే. కాయిల్ స్ప్రింగులు, లింకు రాడ్లు, పాన్‌హార్డ్ రాడ్డు (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) పెడితే కదలిక మృదువుగా ఉంటుందన్నది నిజమే, కానీ వాటి బ్రాకెట్ల జ్యామితి తప్పితే సరిదిద్దడం కష్టం. కమాను కట్ట మాత్రం మోయడం, ఇరుసును పట్టి ఉంచడం రెండూ తానే చేస్తుంది. పట్టీ తీయడం, వేయడం మన ఊళ్లో ఒక పూట పని. షాకిల్‌ను (కమాను కొసను ఊగనిచ్చే లింకును) వెనుక పెట్టి ముందు కన్నును స్థిరంగా ఉంచితే గుంట తగిలినప్పుడు ఇరుసు కొద్దిగా వెనక్కి జరిగి దెబ్బను మింగుతుంది. అయితే బండి కుంగినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు ఎక్కువగా ముడుచుకోవాలి, ఇరుసు వేలాడినప్పుడు ఎక్కువగా సాగాలి, కాబట్టి పొడవైన స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి జారే గాళ్ల భాగం) ఉన్న షాఫ్టు కావాలి.

స్టీరింగ్: తొందరపడకూడని చోటు

ఇండిపెండెంట్ సస్పెన్షన్ బళ్లలో ఉండే ర్యాక్ స్టీరింగ్ సాలిడ్ ఇరుసుకు పనికిరాదు. చాసిస్ పక్కన బిగించే స్టీరింగ్ బాక్సు, దానికి పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు ఊపే చేయి), అక్కడి నుంచి చక్రానికి డ్రాగ్ లింకు (ఆ ఊపును అందించే కడ్డీ) కావాలి. మనది కుడి చేతి డ్రైవింగు కాబట్టి బాక్సు కుడి చాసిస్ పట్టీ మీద ఉంటుంది, డ్రాగ్ లింకు అడ్డంగా వెళ్లి ఎడమ నకిల్‌ను పట్టుకోవాలి. లింకు ఎంత పొడవుగా, ఎంత సమతలంగా ఉంటే, చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు స్టీరింగు తనంతట తాను తిరగడం అంత తక్కువగా ఉంటుంది. కాయిల్ స్ప్రింగులు పెట్టేవారు పాన్‌హార్డ్ రాడ్డు చాసిస్ కొసను కూడా కుడి వైపునే పెట్టి, దాన్ని డ్రాగ్ లింకుకు సమాంతరంగా, వీలైనంతవరకు సమానమైన పొడవుతో ఉంచాలి. ఈ రెండూ వేర్వేరు వాలుల్లో ఉన్న బండి ప్రతి గతుకు దగ్గరా ఒక పక్కకు లాగుతుంది, అలైన్‌మెంటు ఎన్నిసార్లు చేయించినా ఆ గుణం పోదు.

బాక్సును ఎంచుకునేటప్పుడు పిట్‌మన్ ఆర్మ్ పక్కలకు ఊగేదా, ముందుకూ వెనక్కూ ఊగేదా అని చూడండి, మనకు కావలసింది పక్కలకు ఊగేది. మీ ఇంజిను పవర్ స్టీరింగ్ పంపు ఇచ్చే ఒత్తిడి బాక్సుకు సరిపోవాలి. బాక్సు బిగించే చోట చాసిస్‌కు ఆరు మిల్లీమీటర్ల పలక వేసి, బోల్టులు వెళ్లే రంధ్రాల్లో గొట్టపు ముక్కలు పెట్టి వెల్డింగు చేయాలి. అలా చేయకపోతే డబ్బా ఆకారపు చాసిస్ బోల్టు బిగింపుకే నలిగి, బాక్సు కదలడం మొదలవుతుంది.

ఇక్కడే క్యాస్టర్ కోణం సంగతి వస్తుంది. కింగ్ పిన్ (నకిల్ తిరిగే కీలు) పైకొస 5 నుంచి 7 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే, మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను తిన్నగా వస్తుంది; ఈ వాలే క్యాస్టర్. బండి ఎత్తు పెరిగి ప్రొపెల్లర్ షాఫ్టు వాలు ఎక్కువైనప్పుడు, పినియను ముక్కును పైకెత్తితే జాయింటు మీద భారం తగ్గుతుంది గానీ అదే కదలికతో క్యాస్టర్ తగ్గిపోతుంది. కమాను కింద ఏటవాలు ఇనుప ముక్కలు పెట్టి ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది. రెండూ సరిగా రావాలంటే హౌసింగు కొసల్లో నకిల్ పట్టే ముక్కల వెల్డింగును కోసి, కావలసిన కోణానికి తిప్పి మళ్లీ అతికించాలి. ఇది మంచి జిగ్, మంచి చేయి ఉన్న షాపులోనే చేయించవలసిన పని, మొత్తం మార్పిడిలో డబ్బుకు వెనుకాడకూడని చోటు కూడా ఇదే.

బ్రేకులు, వైరింగు

కొత్త ఇరుసు కాలిపర్ల పిస్టన్ వైశాల్యం పాతదాని కంటే పెద్దదైతే పెడలు లోతుగా దిగుతుంది, చిన్నదైతే ముందు బ్రేకు బలం చాలదు. మాస్టర్ సిలిండరును దానికి తగ్గట్టు చూసుకోవాలి. బ్రేకు గొట్టం పొడవును ఇరుసు పూర్తిగా కిందికి వేలాడుతూ, చక్రం పూర్తిగా తిరిగి ఉన్న స్థితిలో కొలవండి. వెనుక ఇరుసుకు కడ్డీతో కలిపిన లోడ్ వాల్వు మీ బండికి ఉంటే, వెనుక భాగాన్ని ఎత్తినప్పుడు అది బండి ఖాళీగా ఉందనుకుని వెనుక బ్రేకును తగ్గించేస్తుంది. ఆ కడ్డీ బ్రాకెట్‌ను కూడా అంతే ఎత్తు జరపాలి.

పాత ఇరుసులకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు పళ్ల చక్రం ఉండదు. దాన్ని లేత్ మీద చేయించి హబ్బుకు ఎక్కించకపోతే ఏబీఎస్ పని చేయదు. ముందు ఇరుసును కలిపే, విడదీసే మోటారు కూడా పాత భాగాలతోనే పోతుంది, దాని బదులు చేత్తో తిప్పి చక్రాన్ని ఇరుసుకు కలిపే, విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్బులు పెట్టుకోవాలి. ఆ మోటారు సంకేతం కోసం ఎదురుచూసే కంట్రోలరుకు ఏం చెప్పాలో వైరింగు బొమ్మ చూసే ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడుకోండి.

కోత, అతుకు

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఇంజిన్ కంట్రోలరును బండి నుంచి తీసి పక్కన పెట్టండి. పాత బ్రాకెట్లను చాసిస్ తలానికి అంటుకుపోయేలా గ్యాస్‌తో కోయకుండా, కొద్దిగా వదిలి కోసి, మిగిలినది గ్రైండరుతో తీయించాలి. లోపలి చాసిస్ ఇనుము పలచబడితే పైన ఎంత పలక వేసినా ప్రయోజనం లేదు. బలానికి వేసే పలకల కొసలు నిలువుగా తెగినట్టు కాకుండా వజ్రపు ఆకారంలో సాగి ఉండాలి, ఎందుకంటే చాసిస్‌కు అడ్డంగా పడిన నిలువు వెల్డింగు గీత దగ్గరే మొదటి పగులు పుడుతుంది. 7018 రకం వెల్డింగు రాడ్డు వాడేటట్టయితే అది పొడిగా ఉండాలి. వర్షాకాలంలో డబ్బా మూత తీసి రోజంతా ఉంచిన రాడ్లతో చాసిస్ పని చేయనివ్వకండి.

మొదట అన్నీ చుక్క వెల్డింగుతోనే నిలపండి. కమాను కట్టలోని పెద్ద పట్టీని మాత్రం ఉంచి మిగిలినవి తీసేస్తే ఇరుసు జాకీతో తేలికగా కదులుతుంది. టైర్లు బిగించి, ఒక చక్రాన్ని బంప్ స్టాప్‌కు (ఇరుసు పైకి లేవడానికి హద్దుగా ఉండే దిమ్మెకు) ఆనేదాకా ఎత్తి, రెండోదాన్ని వేలాడదీసి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. తరువాత వైపు మార్చి మళ్లీ చేయండి. టైరు ఫెండరుకు, టై రాడ్డు (రెండు నకిళ్లను కలిపే కడ్డీ) కమానుకు, డ్రాగ్ లింకు చాసిస్‌కు, హౌసింగు ఉబ్బు సంపుకు, షాఫ్టు క్రాస్ మెంబరుకు ఎక్కడ దగ్గరవుతుందో సుద్దతో గుర్తు పెట్టండి. షాఫ్టు పూర్తిగా ముడుచుకున్నప్పుడు స్ప్లైన్ లోపల ఖాళీ మిగలాలి, పూర్తిగా సాగినప్పుడు పట్టు మిగలాలి. ఈ పరీక్షకు ఒక రోజంతా కేటాయించండి. ఆ రోజున జరపవలసి వచ్చే బ్రాకెట్టు రెండు చుక్కలు కొట్టేస్తే ఊడివస్తుంది, పూర్తి వెల్డింగు అయ్యాక అయితే మళ్లీ గ్యాస్ కావాలి.

పూర్తి వెల్డింగు తరువాత బండిని తన బరువు మీద నిలిపి, అప్పుడే బుష్‌ల బోల్టులను ఆఖరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. టో-ఇన్‌ను (ముందు చక్రాల ముందంచులు లోపలికి మళ్లి ఉండే కొలతను) 2 లేదా 3 మిల్లీమీటర్లకు పెట్టి, ఖాళీ స్థలంలో నడక వేగంతో మొదలుపెట్టి బ్రేకులు, మలుపులు చూసుకోండి. వేగం పెంచినప్పుడు స్టీరింగు గడగడా వణికితే డ్యాంపరు కొనడానికి పరుగెత్తకుండా ముందు క్యాస్టర్, బుష్‌లు, కింగ్ పిన్ బేరింగుల బిగింపు పరిశీలించండి. కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను మొదటి 50 కిలోమీటర్ల తరువాత ఒకసారి, 500 కిలోమీటర్ల తరువాత మరోసారి టార్క్ రెంచితో బిగించండి, కొత్త కమాను పట్టీలు ఆ లోపల ఒకదాని మీద ఒకటి సర్దుకుని తప్పకుండా వదులవుతాయి.